దొరసాని ముక్కు

వంతెన క్యాంపు,
సోమవారం

బావగారికి నమస్కారాలు. అక్కకి కూడా, ఆవిడ పుచ్చుకుంటే.

క్షేమంగా చేరాను. ఇక్కడ నది, ఇసుక, క్రేన్లు, మూడొందలమంది పనివాళ్ళు. వాళ్ళకి దెబ్బలు తగిలితే కట్టు కట్టడానికి నర్సుని నేనొక్కదాన్ని. ఫోన్ సిగ్నల్ అసలు లేదు. సామాన్ల లారీ వారానికి రెండుసార్లు వస్తుంది, ఉత్తరాలు దాంట్లోనే రావాలి, దాంట్లోనే పోవాలి. నాలుగు నెలలు ఇంతే.

నా సంగతి వదిలేయండి. దొరసాని ఎలా ఉంది? తిన్నదా? బెంగపెట్టుకుందా? ఆ రోజు బస్సు పోతోందని మీ షాపు గుమ్మంలోనే దాన్ని మీ చేతిలో పెట్టి పరిగెత్తాను. ఏమీ చెప్పలేకపోయాను. అందుకని ఇప్పుడు చెబుతున్నాను, శ్రద్ధగా చదవండి.

పగ్ అంటే మామూలు కుక్క కాదు బావగారూ. పరిగెత్తుకుంటూ వెళ్ళి గోడకి గుద్దుకున్నట్టుంటుంది కదా ఆ ముఖం, ముక్కంతా లోపలికి పోయి గాలి వెళ్ళే దారి ఇరుకైపోయింది. ఎండలో తిప్పితే ప్రాణం మీదికొస్తుంది. పొద్దున్నే పావుగంట నడిపిస్తే చాలు. మెడకి బెల్టు పెట్టొద్దు, ఛాతీకి తొడిగే పట్టీ సంచిలో ఉంది. తిండి గిన్నెలో ఎర్రగీత దాకానే. అది మీ వంక చూస్తుంది. చూడనివ్వండి. ఆ కళ్ళు పుట్టుకతోనే అలా ఉంటాయి, ఆకలికీ వాటికీ సంబంధం లేదు.

ముఖం మీద మడతలు రోజూ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దాలి. లేకపోతే పుండు పడుతుంది. ఇక్కడే జాగ్రత్త. ముఖం తుడవడమంటే దొరసానికి చచ్చేంత కోపం. వెనకనుంచి ఒకరు పట్టుకోవాలి, ముందునుంచి ఒకరు తుడవాలి. మందు సీసాతో మూడో మనిషి సిద్ధంగా ఉంటే ఇంకా మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం: దాని ముక్కు రంధ్రాలు మరీ ఇరుకు. ఎండలు ముదిరేలోపు చిన్న ఆపరేషన్ చేసి వెడల్పు చేయించమని పాత డాక్టరుగారు వెళ్ళిపోయేముందు చీటీ రాసిచ్చారు. నెలాఖరులో కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. మరిచిపోకండి. మీకు దండం పెడతాను.

ఇట్లు,
మనిషి ఇక్కడ, ప్రాణం అక్కడ ఉన్న
మీ మరదలు

తా.క.: మంచం ఎక్కనివ్వొద్దు. అది ఎక్కిందంటే మీరు దిగాల్సొస్తుంది.


గడియారాల షాపు,
శుక్రవారం

మరదలికి ఆశీస్సులు. మీ అక్క తనవి విడిగా పంపిస్తానంది. పంపదు. కుక్కను తెచ్చిపెట్టేముందు ఒక్క మాట అడగలేదని ఇంకా రుసరుసలాడుతూనే ఉంది.

నలభై ఏళ్ళుగా గడియారం చెవి దగ్గర పెట్టుకుని, దాని గుండె చప్పుడు విని రోగం చెప్పే మనిషిని నేను. ఇప్పుడు ఏ గడియారం చెవికి ఆనించినా గుర్రు, గుర్రు, మధ్యలో ఒక ఈల. నిన్న ఒక పెద్దాయన తెచ్చిన గోడగడియారం లోపల పళ్ళచక్రాలు అరిగిపోయాయని చెప్పి ఆయన్ని హడలగొట్టాను. ఆయన వెళ్ళాక చూస్తే ఆ చప్పుడు బల్ల కిందనుంచి వస్తోంది.

మొన్న ఒక చేతిగడియారం విప్పి, ఆవగింజలో సగం ఉండే పదకొండు స్క్రూలు కాగితం మీద వరసగా పేర్చాను. నీ దొరసాని వచ్చి, చూసి, తుమ్మింది. ఏడు నేలమీద దొరికాయి. రెండు దాని పొట్టకి అంటుకుని దొరికాయి. తక్కిన రెండూ ఎక్కడున్నాయో దానికే తెలియాలి. మూడు రోజులుగా భూతద్దం కంటికి పెట్టుకుని దాని వెనకాలే తిరుగుతున్నాను. వీధిలో వాళ్ళు నేనేం వెతుకుతున్నానని అడుగుతున్నారు. ఏమని చెప్పను?

కానీ ఒక్క విషయంలో నువ్వు నన్ను అనవసరంగా భయపెట్టావు. ముఖం తుడవడానికి నేనూ, మీ అక్కా, పక్క షాపు టైలరూ ముగ్గురం చేతులకి గుడ్డలు చుట్టుకుని యుద్ధానికి సిద్ధమయ్యాం. నేను తువ్వాలు తీశానో లేదో, అది గబగబా వచ్చి, కష్టమర్ల కుర్చీ ఎక్కి, వెనక్కి చేరగిలబడి, గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుంది! ఎడమ చెంప తుడవగానే దానంతటదే కుడి చెంప తిప్పింది. అయ్యాక కూడా దిగదు. ఇంకేదో చేస్తావు కదా అన్నట్టు ఓరకంట చూస్తుంది. తొమ్మిదేళ్ళుగా నీకు లొంగనిది నాకు మొదటిరోజే లొంగిందంటే, నా హస్తవాసి అలాంటిదని నేను అనను. నువ్వే అనుకో.

పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకదు.

ఇట్లు,
రెండు స్క్రూల లోటుతో
నీ బావ

తా.క.: నిలబడి నిలబడి వెనక కాలు ఒకటి పైకి లేపుతోంది. ఒకసారి కుడిది, ఒకసారి ఎడమది. నొప్పేమో పాపం.


వంతెన క్యాంపు,
గురువారం

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా చేతుల మీద తొమ్మిదేళ్ళ గాట్లున్నాయి. లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్పండి, దానికి మత్తుమందేమైనా ఇస్తున్నారా? లేకపోతే నా మీద అలిగి మీతో మంచిగా ఉంటోందా? కన్నబిడ్డలా చూసుకున్నదాన్ని వదిలేసి, పది రోజుల్లో మీకు గడ్డం ఎత్తిచూపిస్తోందంటే కడుపు మండుతోంది. ఇవాళ ఒక క్రేను డ్రైవరు వేలికి కట్టు కడుతూ ఇదే ఆలోచిస్తున్నాను. అతను మొత్తుకునేదాకా చూసుకోలేదు, పక్కవేలికి కూడా కట్టేశాను.

కాలు సంగతికి కంగారుపడకండి. వయసు మీదపడింది కదా, కీళ్ళు పట్టేసి ఉంటాయి. వేడినీళ్ళలో గుడ్డ పిండి రెండు తుంట్లకీ రోజూ పది నిమిషాలు కాపడం పెట్టి, మెల్లగా మర్దన చేయండి. పేరుకి పలకడం లేదంటే చెవులు మందగించాయేమో, వెనకాల ఏదైనా చప్పుడు చేసి చూడండి.

ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ఆపరేషన్! ఆపరేషన్! ఆపరేషన్!

ఇట్లు,
కట్లన్నీ తప్పుగా కడుతున్న
మీ మరదలు

తా.క.: ఆ రెండు స్క్రూలూ బయటికొచ్చినా సరే, దయచేసి వాచీలో బిగించకండి. కట్టుకునేవాళ్ళ గురించి కూడా ఆలోచించండి.


గడియారాల షాపు,
మంగళవారం

మరదలికి ఆశీస్సులు.

డాక్టరమ్మకి చూపించాకే రాద్దామని ఆగాను, అందుకే జవాబు మూడు వారాలు ఆలస్యమైంది. నువ్వు చెప్పినట్టే రోజూ కాపడం పెడుతున్నాను. అది నాలుగు కాళ్ళూ బారజాపి పడుకుని ఆనందంతో మూలుగుతోంది. మీ అక్క ఆ మూలుగు విని తలుపు దగ్గర నిలబడి, "ఇరవై ఏళ్ళుగా మోకాళ్ళ నొప్పులని మొత్తుకుంటున్నాను, ఒక్కనాడైనా గ్లాసుడు వేడినీళ్ళు పెట్టారా?" అంది. అందుచేత ఇప్పుడు కాపడాలు ఇద్దరికి. ముందు ఎవరికి అన్న దగ్గర రోజూ పేచీ.

చెవులకేమీ లేదు. వెనకాల ఇత్తడి పళ్ళెం పడేస్తే నిద్రలేవలేదు. కానీ గోడ అవతల టైలరు కత్తెర టకటకలాడించగానే లేచి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఏం చెవులో!

ఇక అసలు సంగతి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ లోపలికి రాగానే, "ఏంట్రా మహానుభావా, వీడికెన్నేళ్ళండీ?" అంది. నాకు ముచ్చటేసింది. మా మేనత్త కూడా ఆడపిల్లల్ని ముద్దుకి 'వీడు', 'వాడు' అనే పిలిచేది. తొమ్మిదని చెప్పాను.

"ఐదుకి మించవండీ. పళ్ళు చూడండి."

"మా ఇంటి తిండి అలాంటిది," అన్నాను.

ముక్కులోకి లైటు వేసి చూసి, "ఈ జాతిలో ఇంత మంచి ముక్కు నేను చూడలేదు. ఆపరేషన్ దేనికి?" అంది. పాత డాక్టరు చీటీ చూపించాను. చదివి, కుక్కను చూసి, మళ్ళీ చదివి, "ఆయన వేరే కుక్కను చూసి రాసుంటారు," అంది. ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం.

కాబట్టి ఆపరేషన్ గొడవ తీరిపోయింది. ఐదు వారాల్లో ముక్కు వెడల్పయి, వయసు నాలుగేళ్ళు తగ్గింది. నా చేతి చలవ అని నేను అనను.

ఇట్లు,
రెండు జతల మోకాళ్ళ సేవలో
నీ బావ

తా.క.: కాలు నొప్పి ఒకటే అర్థం కావడం లేదు. మంచం మీద బాగానే ఉంటుంది. గోడో, స్తంభమో, నిలిపిన స్కూటరో కనిపిస్తేనే లేపుతుంది. లేపి, కాస్త తడిపి, మళ్ళీ మామూలుగా నడుస్తుంది. ఇది కీళ్ళ నొప్పా, గోడలంటే భయమా?


వంతెన క్యాంపు,
శుక్రవారం

బావగారూ!

నమస్కారాలు తర్వాత. ముందు ఈ ఉత్తరం కిందపెట్టి, కుక్కను వెల్లకిలా తిప్పి చూడండి. చూసి వచ్చి మళ్ళీ చదవండి.

చూశారా?

అది నా కుక్క కాదు. గోడ చూసి కాలు లేపేది మగకుక్క. దొరసాని ఆడది! పేరులోనే ఉంది కదండీ! ఐదేళ్ళ వయసు, వెడల్పాటి ముక్కు, తువ్వాలు చూస్తే గడ్డం ఎత్తడం... అయ్యో, ఇన్ని రోజులూ ఏ పరాయి కుక్క తుంట్లకి కాపడం పెడుతున్నారు? నా బిడ్డను ఎక్కడ మార్చుకొచ్చారు? స్నానం చేయించి, గోళ్ళు తీయించి, తళతళలాడుతున్నదాన్ని తెచ్చి మీ చేతిలో పెట్టాను. ఎవరి కుక్కతోనో ముచ్చట్లాడుకోనిచ్చి, మీరు గడియారం చూసుకుంటూ నిలబడి, తిరిగొచ్చేటప్పుడు దొరికినదాన్ని పట్టుకొచ్చి ఉంటారు. ఎవరి దగ్గరుందో, ఎండలో తిప్పుతున్నారో, మెడకి బెల్టు కట్టారో! దానికి ఊపిరాడదు బావగారూ. ఆ సంగతి వాళ్ళకి తెలియదు.

వెతకండి. షాపు మూసేసి వెతకండి.

మీ మరదలు

తా.క.: అక్కకేం చెప్పకండి. ఆయన్ని నమ్ముకోమని నీకెవరు చెప్పారంటుంది.


గడియారాల షాపు,
సోమవారం

మరదలికి,

చూశాను. మగదే.

ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదంటావా? నేను మర్యాదస్థుణ్ణి. ఆడకూతురని చెప్పి అప్పగించావు, అలాంటి చోట్ల నేనెందుకు చూస్తాను?

మీ అక్కకి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. నీ ఉత్తరం నాకన్నా ముందు తనే చదివింది. "ఇంత మీసకట్టున్న మగమహారాజుని పట్టుకుని వీధి వీధీ దొరసానీ, దొరసానీ అని పిలుచుకుంటూ తిరిగారా?" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చెప్పులేసుకుని నాకన్నా ముందే వెతకడానికి బయల్దేరింది.

కానీ ఒట్టేసి చెబుతున్నాను, నేనెక్కడా దాన్ని వదల్లేదు. ఒక్కసారి పార్కులో, పళ్ళ డాక్టరుగారి భార్య తెచ్చిన పగ్‌తో పది నిమిషాలు ఆడుకుంది, అంతే. ఆవిడ ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే, "అమ్మా, మీది ఆడదా మగదా, ఒకసారి చూడాలి," అన్నాను. కుక్కది అనడం మరిచిపోయాను. తలుపు నా ముక్కు మీద పడింది. ఇప్పుడు నాకూ గాలి వెళ్ళే దారి ఇరుకే.

ఆరు రోజులుగా షాపు తెరవలేదు. పొద్దున్నే మీ అక్క మార్కెట్ వైపు, నేను బస్టాండ్ వైపు. స్తంభాలన్నిటికీ కాగితాలు అంటిస్తున్నాం. అంటించిన ప్రతి స్తంభం దగ్గరా ఈ మహానుభావుడు ఆగి, కాలెత్తి తన సంతకం పెట్టి వస్తున్నాడు. తిండి సహించడం లేదు. గడ్డం గీసుకోవడం కూడా మానేశాను.

ఇట్లు,
తల ఎత్తుకోలేని
నీ బావ


వంతెన క్యాంపు,
బుధవారం

బావగారికి,

కోపంలో ఏవేవో రాశాను. మనసులో పెట్టుకోకండి.

అమ్మ మంచాన పడ్డ ఏడాదంతా దొరసాని ఆవిడ పాదాల మీదే పడుకుంది. గురకకి నిద్రపట్టడం లేదు, తీసేయనా అమ్మా అంటే, "ఉండనీ, అది వినిపిస్తుంటే ఒంటరిగా ఉన్నట్టుండదు," అనేది. అమ్మ పోయాక అదే గురక నాకు తోడైంది. ఇక్కడ గుడారంలో చప్పుడు లేక నాకు నిద్ర రావడం లేదు.

ఎండ ఎక్కువైంది. నిన్న ఇద్దరు పనివాళ్ళు వడదెబ్బతో పడిపోయారు. వాళ్ళ ముఖాన నీళ్ళు చల్లుతుంటే కళ్ళముందు అదే కనిపించింది. ఇంజినీరుగారితో చెప్పేశాను, ఉద్యోగం మానేస్తున్నానని. కుక్క కోసమా అని ఆశ్చర్యపోయారు. అవునన్నాను. శనివారం లారీలో బయల్దేరుతున్నాను.

మీ మరదలు


గడియారాల షాపు,
శుక్రవారం

మరదలికి ఆశీస్సులు, ఈసారి ఇద్దరివీ.

లారీ ఎక్కకు! ఈ ఉత్తరం డ్రైవరు చేతిలోనే పెట్టి, నీకిచ్చేదాకా ఇంజను ఆర్పి ఉంచమని ఒట్టు వేయించుకున్నాను. దొరసాని దొరికింది. క్షేమంగా ఉంది. కాస్త కూర్చుని చదువు.

నిన్న పొద్దున్న బస్టాండ్ వెనక వీధిలో కాగితాలు అంటిస్తూ వెళ్తున్నాం. ఒక సెలూన్ ముందుకి రాగానే, మన మహానుభావుడు పట్టీతో సహా నన్ను ఈడ్చుకుంటూ లోపలికి దూసుకెళ్ళి, ఖాళీ కుర్చీలోకి ఎగిరి, గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. సెలూనాయన చేతిలో కత్తి అలాగే గాల్లో ఆగిపోయింది. సగం గీసిన గడ్డంతో ఒక కష్టమరు బిక్కచచ్చి చూస్తున్నాడు.

"ఒరేయ్ గుండూ!" అని ఆయన ఒక్క కేక పెట్టాడు. కత్తి పడేసి, సబ్బు చేతులతోనే వాణ్ణి కౌగిలించుకుని ఏడ్చేశాడు.

వాడి పేరు గుండు. పుట్టినప్పటినుంచీ ఆ సెలూన్లోనే పెరిగాడు. రోజూ షాపు తెరవగానే మొదటి కుర్చీ వాడిదేనట, ముఖం తుడిచి పౌడరద్దితేగానీ దిగడట. నేను పౌడరు అద్దలేదు కదా, అందుకే ఓరచూపులు.

అద్దం కింద స్టూలు మీద మన దొరసాని కూర్చుని, వచ్చినవాళ్ళనందరినీ వరసగా తిడుతోంది. నన్ను కూడా తిట్టింది. కానీ విను: గుర్రుమనే చప్పుడు లేదు. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీలుస్తోంది.

"మొదట్లో మా గుండే అనుకున్నానండీ," అన్నాడాయన. "ముఖం తుడవబోతే వేలు కొరికింది. కష్టమర్లు కుర్చీ ఎక్కడానికే భయపడిపోయారు. స్నానం చేయించిన చోట సబ్బు పడక బుర్ర తిరిగిందేమో అనుకున్నాను. ఇంతలో ఎండలొచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం ఎగశ్వాస వచ్చి నాలుక నీలం తిరిగిపోయింది. చన్నీళ్ళ గుడ్డలో చుట్టి, ఆస్పత్రికి పరిగెత్తాను. ఇది ఆడకుక్క అని అక్కడి డాక్టరు చెబితేగానీ తెలియలేదు. ముక్కు ఆపరేషన్ చేయకపోతే బతకదన్నారు."

"తెలిశాక కూడా ఆపరేషన్ చేయించారా?" అంది మీ అక్క.

"ఎవరి కుక్కయితేనేం అమ్మా. ఊపిరి అందక అది నా మొహం వంక చూస్తుంటే, ముందు మీ వాళ్ళెవరో చెప్పు అని అడుగుతానా?"

మీ అక్క ఏడవడం నేను చూడటం ఇది మూడోసారి.

ఆయన కూడా ఊరంతా కాగితాలు అంటించాడట, మార్కెట్ వైపు. మేం వాటిమీదే మావి అంటించుకుంటూ పోయాం.

ఇక కాస్త గట్టిగా ఊపిరి పీల్చుకో. కుక్కను నేను మార్చానన్నావు కదా. ఆయన మమ్మల్ని కుక్కలకి స్నానం చేయించే షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడామె చెప్పింది: "అవునండీ, ఆ రోజు రెండు పగ్గులూ తడిగుడ్డల్లో చుట్టి పక్కపక్కనే పడుకోబెట్టాం. భుజాన పెద్ద సంచీతో ఒకావిడ ఊడిపడింది. బస్సు పోతోంది, బస్సు పోతోంది అని అరుస్తోంది. ఉండండమ్మా, మీది ఏదో చూసి ఇస్తానన్నాను. 'నా బిడ్డను నేను గుర్తుపట్టలేనా!' అని, దగ్గరగా ఉన్నదాన్ని చంకనేసుకుని పరిగెత్తింది. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు."

నేనేమీ అనను. నా ముక్కుమీద పడ్డ తలుపు గురించి కూడా ఏమీ అనను.

ఇంజినీరుగారికి చెప్పి ఉద్యోగంలో ఉండిపో. దొరసాని మా దగ్గర దర్జాగా ఉంది. ముఖం తుడవడానికి ముగ్గురం కావలసి వస్తోంది, అందుచేత ఇది నీదేనని నమ్మకం కుదిరింది.

ఇట్లు,
తల ఎత్తుకు తిరుగుతున్న
నీ బావ

తా.క.: చెల్లీ, ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను. ఆయన సంగతి నీకు తెలియాలి. గుండుని చూడకుండా ఉండలేక నిన్న మూడుసార్లు, ఇవాళ ఇప్పటికే రెండుసార్లు సెలూన్‌కి వెళ్ళారు. ఊరికే కూర్చుంటే బాగుండదట, వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి గీయించుకుంటున్నారు. మొదట గడ్డం అయింది. తర్వాత మీసం అయింది. ఇప్పుడే మళ్ళీ బయల్దేరారు, ఇక మిగిలింది తల ఒక్కటే. నువ్వొచ్చేనాటికి ఆ సెలూన్లో రెండు గుండ్లు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. వాటిలో మన గుండుని నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. నువ్వు మాత్రం వెళ్ళకు.